కుదుపు తిన్న మెడ, కుదుర్చు చేయి

ఎఱ్ఱదీపము చూచి కూడలిలో కారు నిలిపి, పచ్చదీపము కొఱకు ఎదురు చూచుచున్న మనుష్యుని కారును వెనుకనుండి మఱియొక కారు వచ్చి తాకినదనుకొందము. తాకిన వేగము గొప్పది కాదు. వెనుక బంపరు సొట్టపోయినది, దీపపు అద్దమొకటి పగిలినది. దిగి చూచుకొనిన ఇరువురును ఎవరికిని దెబ్బ తగులలేదని సంతోషించి, బీమా వివరములు వ్రాసికొని ఎవరి దారిని వారు పోయిరి. మఱునాడు తెల్లవాఱి లేచునప్పటికి ముందటి కారులోని మనుష్యునికి మెడ కొయ్యబాఱినది. పెడతలనుండి భుజముల వఱకును నొప్పి. పిలిచినవారి వైపు చూడవలెనన్న తల త్రిప్పలేక మొండెమంతయు త్రిప్పవలసి వచ్చినది. రక్తము లేదు, ఎక్స్‌రే తీసి చూచినను ఎముక విఱిగిన జాడ లేదు. మోటారు ప్రమాదముల వెంట వచ్చు బాధలలో మిక్కిలి సామాన్యమైనదియు, మిక్కిలి వివాదగ్రస్తమైనదియు ఐన ఈ స్థితినే విప్లాష్ అందురు. కొరడా ఝళిపించినట్లు తల ఊగుటచేత ఈ గాయము కలుగునను భావముతో అమెరికను ఎముకల వైద్యుడు హెరాల్డ్ క్రో 1928లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చేసిన ప్రసంగమున ఈ పేరు వాడెను.

ఈ నొప్పి ఎచ్చట పుట్టుచున్నది, ఒకరికి వారములో పోవునది మఱియొకరికి ఏడాది యేల నిలుచుచున్నది, వెన్నుపూసలను చేతితో నొక్కి సవరింతుమని చెప్పు కైరోప్రాక్టిక్ వైద్యము దీనికి ఎంతవఱకు పనికివచ్చును అను విషయములను ఈ అధ్యాయమున విచారింతము. కారు కొని నడుపు కుటుంబములు మన రాష్ట్రములలోను నానాటికి పెరుగుచున్నవి. అమెరికా, కెనడాలలో స్థిరపడిన తెలుగువారికి కారు లేక దినము గడవదు, అచ్చటి ప్రతి పట్టణమునను కైరోప్రాక్టర్ల బోర్డులు కనబడును. కావున ఈ విచారణ మనకు పరాయిది కాదు.

మొదట మెడ నిర్మాణము సంగ్రహముగా తెలిసికొనవలెను. మనుష్యుని తల సుమారు నాలుగున్నర, ఐదు కిలోల బరువు గలది. దానిని మోయునవి ఏడు వెన్నుపూసలు. మొదటిది శీర్షధరము, రెండవది అక్షకశేరుకము. తలను కుడియెడమలకు త్రిప్పునప్పటి భ్రమణములో సుమారు సగము ఈ రెంటి నడుమనే జరుగును. అక్షకశేరుకము మొదలుకొని ప్రతి రెండు పూసల నడుమను ముందువైపున డిస్కు అను మెత్తని బిళ్ళయు, వెనుకవైపున కుడియెడమలను చిటికెన వ్రేలిగోరు పాటి చిన్నకీళ్ళు రెండును ఉండును. ఈ చిన్నకీళ్ళను ఫాసెట్ కీళ్ళందురు. వీనిలో ప్రతిదానిని నరములతో నిండిన పలుచని పొర సంచివలె కప్పియుండును. పూసల నడిమి రంధ్రముగుండ వెన్నుపాము దిగును. ఇరుప్రక్కల రెక్కలయందలి రంధ్రములగుండ రెండు ధమనులు మెదడు వెనుక భాగమునకు రక్తము కొనిపోవును. ఈ ధమనుల మాట పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. వానితో మనకు ముందు పని యున్నది.

వెనుకనుండి ఢీ తగిలిన క్షణమున కారు ముందునకు పోవును, కారుతో కుర్చీ పోవును, కుర్చీ వీపును నెట్టుటచేత మొండెము పోవును. తలను మాత్రము నెట్టునది ఏదియు లేకపోవుటచేత అది జడత్వమువలన ఉన్నచోటనే యుండ జూచును. మొండెము ముందునకును తల వెనుకకును అను ఈ పెనుగులాటలో నలుగునది మెడ. తల పూర్తిగా వెనుకకు వాలి మెడ విఱుచుకొనుటయే గాయమునకు కారణమని వైద్యులు చాలకాలము తలంచిరి. ఆ తలంపును మార్చినవారిలో భారతసంతతికి చెందిన శాస్త్రజ్ఞుడు మనోహర్ పంజాబీ ముఖ్యుడు. ఆయనయు ఆయన సహచరులును అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున, మృతదేహములనుండి సేకరించిన మెడ వెన్నుపూసల వరుసలను బండిపై బిగించి ఢీకొట్టించి, అతివేగపు కెమెరాలతో చిత్రించి, 1997లో ఒక విశేషము వెల్లడించిరి. దెబ్బ తగిలిన తరువాత సెకనులో పదియవ వంతైనను గడవకమునుపే మెడ ఆంగ్లాక్షరము ఎస్ ఆకారము తాల్చును: పైపూసలు ముందునకు వంగుచుండగా క్రిందిపూసలు వెనుకకు వంగును, ఆ క్రిందిపూసల వంపు సహజమైన హద్దును దాటును. తల ఇంకను వెనుకకు వాలనే లేదు, గాయము కావలసినది అప్పటికే అయిపోయినది. మెడ కండరములు బిగిసి రక్షింపవలదా యని అడుగవచ్చును. కండరము కుదుపును గుర్తించి చాలినంత బలము కూడదీసికొనునప్పటికి ఎస్ వంపు ముగిసియుండును. జపాను వైద్యుడు కోజి కనెయోకా స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన ఆరోగ్యవంతులను మందవేగమున కుదిపి, ఎక్స్‌రే చలనచిత్రములు తీసి, ఆ క్షణమున క్రింది ఫాసెట్ కీళ్ళ వెనుక అంచులు ఒకదానినొకటి నొక్కుకొనుచున్నవని 1999లో చూపెను.

నొప్పికి మూలము ఆ చిన్నకీలే కావచ్చునను ఊహకు రోగులనుండియే బలము చేకూరినది. ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్‌లో నికొలాయ్ బొగ్డక్ బృందమువారు విప్లాష్ నొప్పి నెలలతరబడి వదలనివారిని తీసికొని, ఏ కీలునుండి నొప్పి మోసికొనిపోవు సన్ననరమును మత్తుమందుతో మొద్దుబఱచిన నొప్పి తగ్గునో చూచి, సుమారు సగముమందిలో నొప్పి ఫాసెట్ కీళ్ళనుండియే వచ్చుచున్నదని నిర్ధారించిరి. పిమ్మట 24 మందిపై చేసి 1996లో ప్రకటించిన ప్రయోగమున, ఆ నరమును రేడియో తరంగముల వేడిచే కాల్చినవారికి నొప్పి సగమైనను తిరిగి వచ్చుటకు పట్టిన మధ్యస్థకాలము 263 దినములు. కాల్చినట్లు నటించి విడిచిపెట్టినవారికి 8 దినములు. ఎక్స్‌రేలో ఏమియు కనబడలేదు గనుక రోగికి ఏమియు లేదని తేల్చు తొందరపాటునకు ఇంతకంటె గట్టి సమాధానము వలదు.

ఇచ్చట కారు కుర్చీని గూర్చి ఒకమాట చెప్పక ముందుకు సాగరాదు. తల వెనుక నుండు దిండును, దానినే హెడ్‌రెస్ట్ అందురు, అనేకులు నిద్రపోవుటకు పెట్టినదనుకొందురు. అది తలను మొండెముతోపాటు ముందునకు నెట్టి ఎస్ వంపును తగ్గించుటకు పెట్టినది. అమెరికా ప్రభుత్వము 1969 జనవరినుండి కొత్తకార్ల ముందుకుర్చీలకు దానిని తప్పనిసరి చేసినది. దాని పైఅంచు చెవుల మట్టమునకు దిగువగా నుండరాదు, తల పైమట్టమునకు వచ్చిన ఇంకను మేలు. తలకును దానికిని నడుమ దూరము ఎంత తక్కువైన అంత మంచిది. 1990లలో స్వీడను దేశపు కంపెనీలైన సాబ్, వోల్వో దెబ్బ తగిలిన క్షణమున తలవైపు జరుగు దిండ్లను, వీపుతోపాటు వెనుకకు ఒదుగు కుర్చీలను తయారు చేసినవి. స్త్రీలకు పురుషులకంటె విప్లాష్ ఎక్కువగా కలుగునని చాలకాలముగా తెలిసియున్నను, వెనుకదెబ్బల పరీక్షలకు పురుషదేహపు కొలతల బొమ్మలనే వాడుచు వచ్చిరి. సగటు స్త్రీదేహపు కొలతలతో అట్టి బొమ్మను స్వీడను పరిశోధకురాలు ఆస్ట్రిడ్ లిండర్ బృందము 2022లో గాని లోకమునకు చూపలేదు. ఈ ఆలస్యము క్షమింపదగినది కాదు.

ఇక రెండవ కథ, చేతివైద్యపు కథ. అమెరికాలో అయోవా రాష్ట్రమున మిసిసిపీ నదీతీరముననున్న డావెన్‌పోర్ట్ పట్టణమున డేనియల్ డేవిడ్ పామర్ అనునతడు, అయస్కాంతశక్తితో రోగములు పోగొట్టుదునని జీవించుచు, తానున్న భవనమున ఊడ్చు పనివాడు హార్వీ లిలార్డ్ చెవిటివాడగుటకు వెన్నుపూస యొకటి చోటు తప్పుటయే కారణమని తలంచి, 1895 సెప్టెంబరు 18న ఆ పూసను చేతితో నొక్కెననియు, వానికి వినికిడి తిరిగి వచ్చెననియు చెప్పుకొనెను. చెవినుండి మెదడునకు పోవు నరము వెన్నుపూసల దాపునకే రాదు. అయినను ఈ సంఘటనమునుండి పామర్ ఒక మహాసిద్ధాంతమును నిర్మించెను. పూసలు చోటు తప్పి నరములను నొక్కుటయే సమస్తరోగములకు దాదాపు మూలమనియు, వానిని చేతితో సవరించుటయే చికిత్స యనియు ఆ సిద్ధాంతము. చోటు తప్పుటకు ఆయన వాడిన పేరు సబ్‌లక్సేషన్. 1897లో పాఠశాల పెట్టెను, అనుమతి లేని వైద్యము చేసినందుకు 1906లో చెఱసాల చూచెను. ఆయన కుమారుడు బి. జె. పామర్ ఆ విద్యను దేశమంతట వ్యాపింపజేసెను.

అమెరికను వైద్యసంఘము ఈ వృత్తిని అణచివేయుటకు దశాబ్దములు యత్నించినది. చెస్టర్ విల్క్ అను కైరోప్రాక్టరును, ఆయన సహచరులును 1976లో ఆ సంఘముపై దావా వేయగా, 1987లో న్యాయమూర్తి సూసన్ గెట్జెన్‌డానర్ సంఘము చేసినది చట్టవిరుద్ధమైన బహిష్కరణ యని తీర్పు చెప్పిరి. ఆ తీర్పు కైరోప్రాక్టర్లకు న్యాయము చేకూర్చినదే గాని, పామర్ సిద్ధాంతము సత్యమని చెప్పలేదు. బ్రిటనులో కైరోప్రాక్టర్లను నమోదు చేయు ప్రభుత్వ మండలియే 2010లో, సబ్‌లక్సేషను రోగములకు కారణమని చెప్పుటకు చికిత్సాపరిశోధనలలో ఆధారము లేదని ప్రకటించినది. ఈనాడు ఈ వృత్తిలో రెండు తెగలవారున్నారు: పామర్ మాటను వేదముగా పట్టుకొని చెవిపోటునుండి రక్తపోటు వఱకు అన్నిటికిని వెన్నుపూసనే సవరింతుమనువారు ఒక తెగ, వెన్నునొప్పి, మెడనొప్పి, కీళ్ళ బిగువు అను మేరలోనే యుండి, శాస్త్రపరీక్షకు తలయొగ్గువారు రెండవ తెగ. విప్లాష్ రోగి ఏ గుమ్మము ఎక్కుచున్నాడను దానిపై అతని భవిష్యత్తు కొంత ఆధారపడియున్నది.

రెండవ తెగవాని గదిలో ఏమి జరుగునో చూతము. మొదటి అరగంట చేయి మెడపై పడదు. ఏ వైపునుండి దెబ్బ తగిలినది, తల ఏ వైపు తిరిగియుండగా తగిలినది, నొప్పి వెంటనే వచ్చినదా మఱునాడా, చేతులలో తిమ్మిరి కలదా, కన్ను మసకబాఱుచున్నదా, నడక తూలుచున్నదా అని ప్రశ్నలు. పిమ్మట చిన్న సుత్తితో మోచేతి కడ కొట్టి నరముల స్పందన చూచును, పిడికిలి బిగింపుమని బలము చూచును, గడ్డము భుజమువైపు ఎంత తిరుగునో కొలుచును. అప్పుడు, తల ఉంచు భాగము విడిగా పైకి క్రిందికి జరుగు బల్లపై రోగిని వెల్లకిల పరుండబెట్టి, తాను తలవైపున కూర్చుండి, రెండు అరచేతులలో తల బరువంతయు తీసికొని, వ్రేళ్ళ కొనలతో పూసపూసకును ప్రక్కల తడుముచు, ఏ కీలు తోటివానివలె జరుగక బిగిసియున్నదో వెదకును. అది దొరకిన పిమ్మట చూపుడువ్రేలి మొదలును ఆ కీలుపై మోపి, మెడను కొంచెము ప్రక్కకు వంచి, కొంచెము త్రిప్పి, ఇక తిరుగదనునంత వఱకు నిదానముగా తెచ్చి, అచ్చట చటుక్కున ఒక చిన్నతోపు తోయును. దూరము స్వల్పము, వేగము అధికము. టప్పుమని చప్పుడగును, చాలమందికి తక్షణమే మెడ తేలికపడినట్లు తోచును. అందఱికిని ఈ తోపు అక్కఱలేదు. కొందఱికి కీలును మెల్లగా ముందువెనుకలకు ఊపుట, కండరములను సాగదీయుట, వ్యాయామము నేర్పుట మాత్రమే చేయుదురు.

ఆ చప్పుడును గూర్చి జనులలో గాఢమైన భ్రమ కలదు; జాఱిన ఎముక చోటికి వచ్చి పడిన చప్పుడని చాలమంది నమ్ముదురు, నమ్మించువారును కలరు. లీడ్స్ విశ్వవిద్యాలయమున అన్స్‌వర్త్ ప్రభృతులు 1971లోనే, కీలు నడుమనున్న ద్రవమున పీడనము హఠాత్తుగా తగ్గి వాయుబుద్బుదము ఏర్పడుటకును దీనికిని సంబంధమున్నదని చూపిరి. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు వ్రేలిని లాగి మెటిక విఱుచుచు ఎం.ఆర్.ఐ. యంత్రముతో చిత్రించి, చప్పుడైన క్షణముననే కీలు నడుమ ఖాళీ పుట్టుచున్నదని కంటికి కట్టించిరి. మనము చేతివ్రేళ్ళ మెటికలు విఱుచుకొనునప్పుడు వినబడునదియు ఇదియే. చోటు తప్పినది లేదు, చోటికి వచ్చినది లేదు. ఊఱట మాత్రము నిజము; బిగిసిన కీలు చటుక్కున సాగుటచేత దాని చుట్టునున్న నరములును కండరములును స్పందించి, నొప్పియు బిగువును కొంతకాలము తగ్గునని పరిశోధకుల అభిప్రాయము.

ఆ ఊఱట ఎంత, ఎంతకాలము అను ప్రశ్నకు సమాధానము మధ్యేమార్గమున నున్నది. 2012లో అమెరికాలోని మినెసోటాలో గెర్ట్ బ్రాన్‌ఫోర్ట్ బృందము మెడనొప్పి గల 272 మందిని మూడు భాగములు చేసి, ఒక భాగమునకు చేతివైద్యము, రెండవదానికి మందులు, మూడవదానికి ఇంటివద్ద చేసికొను మెడ వ్యాయామమును గూర్చి రెండు పాఠములు ఇచ్చినది. పండ్రెండు వారములకు చేతివైద్యము మందులకంటె మేలుగా తేలినది. రెండే రెండు పాఠములతో ఇంటివద్ద మెడ కదలించుకొనినవారును వారితో దాదాపు సమానముగా నుండిరి. వీరు ప్రత్యేకించి కారు ప్రమాదములవారు కారు, సామాన్యమైన మెడనొప్పి గలవారు. ప్రమాదములవారి మాట వేఱుగా చూడవలెను. డబ్లిన్‌లో 1986లో చేసిన పరీక్షలో, రెండు వారములు మెత్తని కాలరు కట్టి విశ్రాంతి ఇచ్చినవారికంటె తొలిదినములనుండియే మెడ కదలింపజేసినవారు ఎనిమిది వారములకు తక్కువ నొప్పితో, ఎక్కువ కదలికతో నుండిరి. నార్వేలో 1998లో ప్రకటించిన పరీక్షలో ఎప్పటిపని అప్పుడు చేసికొండని చెప్పి పంపినవారు, సెలవును కాలరును ఇచ్చినవారికంటె మేలుగా నుండిరి. తరతరములుగా వైద్యులు కట్టుచు వచ్చిన కాలరు ఇట్లు సింహాసనము దిగినది. బ్రిటనులో 2013లో ముగిసిన పెద్దపరీక్షలో, నొప్పి తగ్గక తిరిగి వచ్చిన 599 మందికి కొందఱికి ఆఱుమాఱుల వఱకు ఫిజియోథెరపీయు, కొందఱికి ఒక్కమాఱు సలహాయు ఇచ్చి చూడగా, ఫిజియోథెరపీ పొందినవారు నాలుగు నెలలకు కొంచెము ముందుండిరి, సంవత్సరమునకు భేదము లేకపోయినది.

వీని నన్నిటిని కూర్చి చూచిన నాకు తోచునదేమనగా, చేయి మెడను కుదుర్చదు, మెడ తన్నుతాను కుదుర్చుకొనును. మంచి చేయి చేయగలిగినది, కదలుటకు భయపడుచున్న మెడకు తొలివారములలో ఊఱట యిచ్చి, ఇక కదలవచ్చునను ధైర్యము చెప్పుట. ఇది స్వల్పమైన పని కాదు. స్వీడనులో లీనా హోమ్ బృందము చేసిన పరిశోధనలో, నాకు త్వరలో తగ్గునని నమ్మినవారికంటె తగ్గదని భయపడినవారు మెల్లగా కోలుకొనిరి. మెడ విషయమున భరోసాయు ఔషధమే.

అయితే మెడపై చేయి వేయుటకు పూర్వము తీఱవలసిన సందేహములు రెండున్నవి. మొదటిది, ఎముక విఱిగినదా యనునది. కెనడా వైద్యుడు ఇయాన్ స్టీల్ బృందము 8,924 మంది క్షతగాత్రులను పరిశీలించి 2001లో ఒక సూత్రావళిని ప్రకటించినది. నేడు ప్రపంచమంతట ఆసుపత్రులలో అది వాడుకలోనున్నది. తెలివిలోనున్న రోగికి 65 ఏండ్లు నిండియున్నను, కాలుసేతులలో తిమ్మిరి యున్నను, కారు పల్టీకొట్టుట, మనుష్యుడు బయటికి విసరివేయబడుట, మిక్కిలి వేగముతో ఢీకొనుట వంటివి జరిగియున్నను చిత్రములు తీయవలసినదే. అవి లేక, ప్రమాదము వెనుకనుండి తగిలిన సామాన్యపు దెబ్బయై యుండుట, రోగి లేచి నడచియుండుట, నొప్పి ఆలస్యముగా వచ్చియుండుట వంటి నెమ్మది గుఱుతులలో ఒక్కటైనను ఉండి, అతడు తనంతట తాను తలను ఇరుప్రక్కలకు 45 డిగ్రీలు త్రిప్పగలిగిన ఎక్స్‌రే అవసరము లేదు. 1995లో కెనడాలోని క్యూబెక్ కార్యబృందము విప్లాష్‌ను తరగతులుగా విభజించినది: నొప్పియు బిగువును మాత్రమే యున్నది మొదటి తరగతి, కదలిక తగ్గి నొక్కినచో నొప్పించునది రెండవది, నరములు దెబ్బతిన్నది మూడవది, ఎముక విఱిగినది లేక తొలగినది నాలుగవది. చేతివైద్యమును గూర్చి ఆలోచింపదగినది మొదటి రెండు తరగతులలోనే. నాలుగవదానిపై చేయి వేయుట ఘోరాపరాధము.

రెండవది ధమని. పైని జ్ఞప్తియందుంచుకొనుడని చెప్పిన ఆ రెండు ధమనులు శీర్షధరమునొద్ద మెలిక తిరిగి తలలోనికి పోవును. మెడ హఠాత్తుగా తిరిగినప్పుడు వాని లోపలిపొర చిరుగుట అరుదుగా జరుగును. చిరిగినచోట రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ మెదడునకు ఎగసిన పక్షవాతము. మెడ ధమనుల చిరుగు ఏటికి లక్షమందిలో సుమారు ముగ్గురికి మాత్రమే వచ్చును, అందఱికిని పక్షవాతము రాదు. అయినను యౌవనమున పక్షవాతము వచ్చినవారిలో ఇది ముఖ్యకారణములలో నొకటి. కెనడాలోని ఒంటారియోలో తొమ్మిదేండ్లలో ఈ జాతి పక్షవాతము వచ్చిన 818 మంది వృత్తాంతములను పరిశీలించి డేవిడ్ కాసిడీ ప్రభృతులు 2008లో ప్రకటించిన ఫలితము ఆలోచింపదగినది: 45 ఏండ్లలోపు రోగులు దానికి పూర్వము ఇతరులకంటె ఎక్కువగా కైరోప్రాక్టరు నొద్దకు పోయినమాట నిజమే, అంతటి సంబంధమే సామాన్యవైద్యుల యొద్దకు పోయినవారిలోను కనబడినది. చిరిగిన ధమనియే మెడనొప్పి కలిగించి వారిని వైద్యునివద్దకు నడిపినదని రచయితల ఊహ. ఈ మాట కైరోప్రాక్టర్లకు ఉపశమనము కావచ్చును. ప్రమాదబాధితునికి మాత్రము ఇదియొక హెచ్చరిక. కారు కుదుపే ధమనిని చింపగలదు గనుక, అతడు తెచ్చిన మెడనొప్పి చిరిగిన ధమనిదే కావచ్చును. దానిని మఱల చటుక్కున త్రిప్పుట ఎంతటి సాహసము! మన ఊళ్ళలో క్షౌరము ముగిసిన పిమ్మట గడ్డము, పెడతల పట్టుకొని మెడను రెండువైపుల విఱుచు వాడుక కలదు. చప్పుడు వినబడిన హాయి కలుగును గనుక అడిగి చేయించుకొనువారున్నారు. ప్రశ్న లేదు, పరీక్ష లేదు, ధమని మాత్రము అదే. ఆ వాడుకను మానుకొనుట మేలు.

నొప్పిని గూర్చిన ధనపు లెక్క ప్రమాదములంతటి ప్రాచీనమైనది. రైళ్ళు ఢీకొని ప్రయాణికులు వెన్నునొప్పితో న్యాయస్థానములకెక్కిన కాలమున, లండనులో జాన్ ఎరిక్ ఎరిక్సన్ 1866లో వెన్నుపాము అదరుటయే దీనికి కారణమని ఉపన్యసింపగా, రైల్వే కంపెనీ వైద్యుడు హెర్బర్ట్ పేజ్ 1883లో భయమే కారణమని గ్రంథము వ్రాసెను. ఆ తగవు నేటికిని తెగలేదు. లిథువేనియాలో, పరిహారపు ఆశ లేనిచోట, వెనుకదెబ్బ తిన్న 202 మందిని ఒకటినుండి మూడేండ్ల తరువాత విచారింపగా ప్రమాదము లేనివారికంటె వారికి దీర్ఘకాలపు మెడనొప్పి ఎక్కువగా లేదని 1996లో ప్రకటించిరి. కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్రము 1995 జనవరి 1నుండి బాధకు పరిహారమిచ్చు పద్ధతిని తీసివేసి, తప్పెవరిదైనను చికిత్సకు చెల్లించు పద్ధతి పెట్టగా, విప్లాష్ క్లెయిములు 28 శాతము తగ్గినవి, క్లెయిము ముగియుటకు పట్టు కాలము సుమారు సగమైనది. దీనినుండి రోగులందఱు అబద్ధీకులని తేల్చుట అన్యాయము. బొగ్డక్ మొద్దుబఱచిన నరములు అబద్ధమాడలేదు. నొప్పి ఎంతకాలము నిలుచునను దానిని గాయమొక్కటే గాక, గాయము చుట్టు అల్లుకొనిన వ్యవహారమును నిర్ణయించుచున్నదని మాత్రము ఒప్పుకొనవలెను.

ఆ వ్యవహారములో చికిత్సయు ఒక భాగమే. సస్కాచువాన్ రోగులనే వెంబడించి పియెర్ కోటే, కాసిడీ ప్రభృతులు, తొలివారములలో వైద్యునివద్దకు ఒకటి రెండు మాఱులు పోయి ఊరకున్నవారికంటె, వైద్యునివద్దకును కైరోప్రాక్టరువద్దకును మాటిమాటికి పోయినవారు మెల్లగా కోలుకొనిరని కనుగొనిరి. చికిత్స ఎక్కువైనందువలననే ఆలస్యమైనదని ఇట్టి పరిశీలన నిస్సందేహముగా నిరూపింపజాలదు. ఎక్కువ చికిత్స త్వరగా నయము చేయలేదని మాత్రము చెప్పగలదు. కోటేయు కాసిడీయు ఇరువురును కైరోప్రాక్టర్లే. తమ వృత్తికి ప్రతికూలమైన లెక్కను తామే వేసి లోకము ముందుంచిన ఈ నిజాయితీని నేను మిక్కిలి గౌరవింతును. పామర్ పుట్టించిన వృత్తికి భవిష్యత్తున్నదన్న అది ఇట్టివారివలననే.

టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో కారు తాకిడికి గుఱియైన మనవారికి ప్రమాదము జరిగిన వారములోనే న్యాయవాదుల ప్రకటనలు ఎదురగును, ఆ న్యాయవాది చూపిన క్లినిక్కు ఎదురగును, సొమ్ము కేసు తేలిన పిమ్మట ఇవ్వవచ్చునను మాటయు, వారమునకు మూడుమాఱులు చొప్పున నెలలతరబడి రావలెనను కాగితమును ఎదురగును. చికిత్స నడిచినకొలది బిల్లు పెరుగును. బిల్లు పెరిగినకొలది నొప్పి నిలిచియుండవలసిన అవసరమును పెరుగును. అట్టి కాగితముపై సంతకము చేయరాదు. రెండు మూడు వారముల చికిత్సకే ఒప్పుకొని, అప్పటికి తల తిరుగు మేర పెరుగనిచో, నొప్పి తగ్గనిచో చికిత్స మార్చవలెనని ముందే చెప్పవలెను. పెడతలలో ఎన్నడు ఎఱుగని తీవ్రమైన నొప్పి, కన్ను రెండుగా చూచుట, మాట తడబడుట, మ్రింగుడు కష్టమగుట, ముఖమున తిమ్మిరి, నడకలో తూలు, వీనిలో ఏది కనబడినను కైరోప్రాక్టరును గాక అత్యవసర వైద్యశాలను చేరవలెను. ఇవియేవియు లేక ఉత్త బిగువును నొప్పియునైనచో, వైద్యుడు ఎముకకు భయము లేదన్న పిమ్మట, కాలరు కట్టక, మంచము పట్టక, దినమునకు పలుమాఱులు తలను నిదానముగా కుడికి ఎడమకు, ముందునకు వెనుకకు త్రిప్పుచు, పనులు చేసికొనుచుండుడు. చేతివైద్యము కోరినచో, మొదటి అరగంట ప్రశ్నలకు వెచ్చించువానిని, వ్యాయామము నేర్పువానిని, ఎన్నిమాఱులలో ముగింతునో మొదటనే చెప్పువానిని వెదకి, వానివద్దకే పొండు.